నాయిన ఇంజిను పేరేంటి?

2024 ఏప్రిల్‌లో, ఉగాది వెళ్లిన వారానికి, ఒకే రోజు నాకు రెండు ఫోన్లు వచ్చాయి. రెండూ ఇంజిన్ల గురించే. మిక్సీ తిరగకపోతే మా వారిని కేకేసే మనిషిని నేను. చదివింది బీఏ తెలుగు. నన్ను ఇంజిన్ల గురించి అడగడమేంటని నాకే నవ్వొచ్చింది. రెండో ఫోన్ పెట్టేశాక మాత్రం నవ్వు రాలేదు.

మొదటి ఫోన్ మా తమ్ముడిది. వాడు అమెరికాలో, ఒహాయోలో ఉంటాడు. కొత్తగా కొన్న ఇంటితో పాటు పాత యజమాని ఒక గడ్డి కోసే బండి వదిలేసి వెళ్లాడట. కూర్చుని నడిపే రకం. "చిన్న ట్రాక్టర్ పిల్ల లెక్క ఉంటదక్కా" అన్నాడు. అది స్టార్ట్ కావడం లేదు. సామాన్ల కోసం దుకాణానికి పోతే వాళ్లు అడిగిన మొదటి మాట, ఇంజిన్ మోడల్ ఏంటని. వీడు బండి పేరు చెప్పాడు. బండి పేరు కాదు, ఇంజిన్ పేరు కావాలన్నారట. బండి చేసేది ఒకరు, అందులో ఇంజిన్ పెట్టేది ఇంకొకరు. ఆ సంగతి వాడికి ఆ రోజే తెలిసింది.

రెండో ఫోన్ ఊరి నుంచి అన్నది. మా ఊరు వర్ధన్నపేట దాటాక వస్తుంది. "చెల్లే, కొట్టంల నాయిన ఇంజిను అమ్మేద్దామనుకుంటున్న. పాత ఇనుపసామాన్లాయన ఆదివారం వస్తాండు. అమ్మ పొద్దటి సంది అన్నం ముట్టలేదు. నువ్వచ్చి ఒక్క మాట చెప్పు" అన్నాడు.

అన్నది తప్పని నేను అనను. ఆ ఇంజిను తిరిగి పాతికేళ్లు దాటింది. కొట్టంలో సగం చోటు దానిదే, వానాకాలం బర్రె తడుస్తోంది. వాడు ఒకసారి బాగు చేయిద్దామని కూడా చూశాడు. దుకాణంలో తోచిన పేరు చెప్పి గాస్కెట్లు తెచ్చాడు. ఏదీ సరిపోలేదు. పైసలు పోయాయి, కోపం మిగిలింది.

అమ్మ బాధ వేరు. 1976లో ఆ ఇంజిను కోసం ఆమె వెండి కడియాలు, మెడలోని బంగారు గుండ్లు కుదువ పడ్డాయి. గుండ్లు తిరిగొచ్చాయి, కడియాలు రాలేదు. ఈ కథ మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె కడియాలు ఇచ్చి మరీ కొనాల్సినంత అవసరం ఆ ఇంజినుకు ఎందుకొచ్చిందో మాత్రం మేం ఎన్నడూ అడగలేదు. శనివారం హన్మకొండలో బస్సెక్కి పోయి, ఆ రాత్రి అమ్మ పక్కన పడుకుని అడిగాను.

అమ్మ మోట దగ్గర మొదలుపెట్టింది.

మన ఓరుగల్లు చుట్టూ చెరువులకు కొదవ లేదు. కాకతీయుల కాలం నాటి పాకాల, రామప్ప, లక్నవరం ఇప్పటికీ పొలాలు పారిస్తున్నాయి. అయితే చెరువు నీళ్లు దాని కింది ఆయకట్టుకే. ఎత్తు మీద చెలకలున్న మాలాంటి వాళ్లకు బావే దిక్కు. బావి నీళ్లు పైకి తేవాలంటే మోట కొట్టాలి. రెండెడ్లు, ఒక మోకు, గిలక, కింద పెద్ద తోలు బొక్కెన. ఎడ్లు వాలు దారిలో కిందికి నడిస్తే బొక్కెన పైకొచ్చి కాలువలో గుమ్మరిస్తుంది. మళ్లీ వెనక్కి నడిస్తే బొక్కెన బావిలోకి దిగుతుంది. ఇంత సులువుగా నేను రాసేశాను కానీ, చుక్క పొడవక ముందు మొదలుపెట్టి పొద్దు నెత్తికెక్కే దాకా కొట్టినా అరెకరం తడిచేది కాదట. "ఎడ్లు అలిసేటియి, మీ నాయిన అలిసేటోడు, నీళ్లు మాత్రం మడి సివరికి పోకపోయేటియి" అంది అమ్మ.

తెలంగాణ పల్లెల్ని పట్టి పీడించిన 1972 కరువులో మోట ఎడ్లలో ఒకటి చచ్చిపోయింది. ఇంకోటి కొనే స్తోమత లేదు. ఆ ఏడు నీళ్లుండి కూడా పైకి తీసే దారి లేక పంట ఎండింది. నాయిన మనసులో ఇంజిను మాట పడింది అప్పుడే.

ఇంజిను అంటే మన దగ్గర ఆయిల్ ఇంజినే. డీజిల్‌తో నడిచేది. ఈ డీజిల్ అన్నది ఒక మనిషి పేరని నాకు చాలా రోజులు తెలియదు. రుడాల్ఫ్ డీజిల్ జర్మనీ ఇంజనీరు. 1897లో ఆగ్స్‌బర్గ్ నగరంలో ఆయన ఇంజిను మొదటిసారి సరిగా నడిచింది. దాని కిటుకు ఇది: గాలిని సిలిండర్‌లో గట్టిగా నొక్కితే అది మహా వేడెక్కుతుంది. సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు వేడెక్కుతుంది చూడండి, అదే సంగతి ఇంకా పెద్ద ఎత్తున. ఆ వేడి గాలిలోకి నూనెను సన్నగా చిమ్మితే నిప్పు రవ్వ అవసరం లేకుండానే అంటుకుంటుంది. 1900లో ప్యారిస్ ప్రదర్శనలో ఇలాంటి ఒక ఇంజినును పల్లినూనెతో నడిపి చూపించారు. మనం బూరెలు కాల్చే నూనెతో ఇంజిను నడిచిందన్నమాట! ఆ డీజిల్ 1913లో ఓడలో ఇంగ్లండుకు పోతూ రాత్రికి రాత్రి మాయమయ్యాడు. ఎలా పోయాడో ఇప్పటికీ తేలలేదు.

పల్లినూనె ముచ్చట అక్కడితో ఆగలేదు. మన ఆదిలాబాద్ అడవుల్లో పవర్‌గూడ అనే చిన్న ఊళ్లో ఆదివాసీ ఆడవాళ్ల సంఘం కానుగ గింజల నుంచి నూనె తీసింది. డీజిల్ బదులు ఆ నూనె వాడితే ఎంత పొగ తగ్గుతుందో లెక్కగట్టి, 2003లో 147 టన్నులకు ప్రపంచ బ్యాంకు వాళ్లకు 645 డాలర్లు ఇచ్చింది. ఇంజిన్లంటే మగవాళ్ల వ్యవహారమని అనుకునేటప్పుడు నాకు ఆ ఆడవాళ్లు గుర్తొస్తారు.

మన బావుల దగ్గరికి వచ్చిన ఇంజిన్లలో రెండు రకాలు ముఖ్యం. ఒకటి లిస్టర్ రకం. ఇంగ్లండులో డర్స్‌లీ అనే ఊరి కంపెనీ 1929 ప్రాంతంలో మొదలుపెట్టిన నమూనా. రెండు పక్కలా రెండు పెద్ద చక్రాలుంటాయి, నిదానంగా తిరుగుతుంది, మొండిది. దాన్ని చూసి తర్వాత గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఎన్నో కార్ఖానాలు అలాంటివే చేశాయి. రెండోది కిర్లోస్కర్. లక్ష్మణరావు కిర్లోస్కర్ మొదట్లో ఇనుప నాగళ్లు చేయించినవాడు. 1946లో ఆ ఇంటివాళ్లు పుణెలో ఆయిల్ ఇంజిన్ల కంపెనీ పెట్టారు. ఇది కొంచెం చిన్నగా, చురుగ్గా తిరిగే రకం.

ఇవి 1970లలో ఊళ్లల్లోకి అంతగా రావడానికి కారణాలున్నాయి. 1966లో ఐఆర్8 వరి వచ్చింది. పొట్టి పైరు, ఎక్కువ దిగుబడి, అయితే నీళ్లు వేళకు పడాలి. 1969 జులైలో 14 బ్యాంకుల్ని జాతీయం చేశారు, రైతులకు అప్పు పుట్టడం కొంచెం సులువైంది. భూమి తనఖా బ్యాంకులు బావులకు, పంపుసెట్లకు అప్పులిచ్చాయి. కరెంటు మాత్రం ఇంకా అన్ని బావుల దాకా రాలేదు. అందుకని ఇంజినే గతి. అయితే అప్పు మొత్తం ధరకు ఇవ్వరు, రైతు తన వంతు కట్టాలి. మా నాయిన వంతు అమ్మ కడియాలు, గుండ్లు.

"మోట ఇడిసిన నాడు మీ నాయిన పగటీలి పండుకున్నడు. పెండ్లైన కాన్నించి మడిసి పగలు పండుకోంగ నేను సూడలే" అంది అమ్మ.

పొద్దున్నే కొట్టంలోకి పోయాను. అప్పటికి నా బుర్రలో తమ్ముడి మాటే తిరుగుతోంది, మొదట అడిగేది ఇంజిన్ పేరు అని. మన ఊళ్లల్లో ఏ ఇంజినైనా నోటికొచ్చిన ఒకే పేరుతో పిలుస్తారు. అన్న గాస్కెట్లు సరిపోకపోవడానికి కారణం అదే అయ్యుంటుందనిపించింది. ప్రతి ఇంజినుకూ ఒక పక్కన చిన్న రేకు పలక ఉంటుంది. మనుషులకు ఆధార్ కార్డులాగా. కంపెనీ, మోడల్, ఎన్ని హెచ్‌పీ, నిమిషానికి ఎన్ని తిరుగుళ్లు, వరస నంబరు, అన్నీ దాని మీదే.

మా ఇంజిను మీద నూనె, దుమ్ము కలిసి అట్టలు కట్టింది. గీకుదామని అన్న చాకు తెచ్చాడు. వద్దన్నాను. గీకితే అక్షరాలు పోతాయి. కిరసనాయిల్‌లో తడిపిన పాత చీర గుడ్డను పది నిమిషాలు అంటించి పెట్టి, నెమ్మదిగా తుడిచాను. పలక బయటపడింది కానీ అక్షరాలు కనబడవు. అప్పుడు చేతికందింది ముగ్గుపిండి. పలక మీద చల్లి, వేలితో రుద్ది, పైపైన తుడిచేస్తే గుంటల్లో మాత్రం పిండి నిలిచింది. తెల్లటి అక్షరాలు లేచొచ్చాయి. కిర్లోస్కర్ ఆయిల్ ఇంజిన్స్, పూనా. ఏవీ1. 5 హెచ్‌పీ. 1500 ఆర్‌పీఎం.

'పూనా' అని ఉండడం కూడా ఒక ఆధారమే. ఆ నగరం పేరు 1978లో పుణెగా మారింది. అమ్మ చెప్పిన 1976కు సరిపోయింది.

అన్నకు నమ్మకం కుదరలేదు. పాత సామాన్ల బజార్లో పలకలు మార్చి బిగించేవాళ్లూ ఉంటారన్నాడు. అదీ నిజమే. అప్పుడు గడప దగ్గర కూర్చున్న అమ్మ అందుకుంది. "మనది లెక్కవెట్టే సప్పుడు కాదురా. అవతలి బాయికాడి దానిది టక్, టక్, టక్ అని లెక్కవెట్టొస్తుండె. మనది టర్రుమని ఒక్క తీరుగ పోతుండె."

అమ్మకు తెలియకుండానే లెక్క చెప్పింది. ఈ ఇంజిన్లలో చక్రం రెండు చుట్లు తిరిగితే ఒకసారి నూనె అంటుకుంటుంది. లిస్టర్ రకం నిమిషానికి 650 చుట్లు, అంటే సెకనుకు అయిదు దెబ్బలు. చెవితో పట్టుకోవచ్చు. ఏవీ1 నిమిషానికి 1500 చుట్లు, అంటే సెకనుకు పన్నెండుకు పైనే. ఎవరి చెవీ లెక్కపెట్టలేదు, టర్రుమని కలిసిపోతుంది. పలక మీద ఉన్నదీ, అమ్మ చెవిలో ఉన్నదీ ఒకటే అయ్యింది.

ఆదివారం వచ్చిన ఇనుపసామాన్లాయనను అన్న మళ్లీ రమ్మని పంపించాడు. అమ్మ ఒక షరతు పెట్టింది. "నడిస్తే ఉంచుండ్రి. నడవకపోతే అమ్ముండ్రి. నేనేం అనను." ఆ మాట అనేటప్పుడు ఆమె ఇంజిను వైపు చూడలేదు.

ఆ సాయంత్రమే తమ్ముడికి ఫోన్ చేసి ముగ్గుపిండి సంగతి చెప్పాను. వాడి దగ్గర ముగ్గుపిండి లేదు, మైదాపిండితో కానిచ్చాడు! వాడి ఇంజిన్ బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ వాళ్లది. అమెరికాలో మిల్వాకీ నగరంలో 1908లో మొదలైన కంపెనీ. వాళ్ల పద్ధతి వేరు. ఇంజిన్ పైన ఉండే రేకు కప్పు మీద మోడల్, టైప్, కోడ్ అని మూడు గుంపుల అంకెలు అచ్చొత్తి ఉంటాయి. మోడల్‌లో మొదటి అంకెలు సిలిండర్ ఎంత పెద్దదో ఘనపు అంగుళాల్లో చెబుతాయి. కోడ్‌లో మొదటి రెండంకెలు అది తయారైన ఏడాది, తర్వాతివి నెల, రోజు. వాడిది 31తో మొదలైంది, అంటే దాదాపు 508 సీసీ. కోడ్ 07తో మొదలైంది, అంటే 2007.

మా ఏవీ1 సిలిండర్ వెడల్పు 80 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 110. లెక్కగడితే 553 సీసీ. అంటే అమెరికాలో గడ్డి కోసే బండి, మా బావి ఇంజిను కడుపులు ఇంచుమించు ఒకటే! అయితే అది నిమిషానికి మూడు వేలకు పైగా తిరుగుతూ 17 హెచ్‌పీ దాకా ఇస్తుంది. మాది 1500 తిరుగుతూ 5 మాత్రమే ఇస్తుంది. అది తేలికపాటి పెట్రోల్ బండి, వారానికి ఒక గంట పని. ఇది పొద్దస్తమానం ఆగకుండా నీళ్లు తోడాల్సిన బరువు ఇంజిను. పరుగుపందెం ఎద్దు వేరు, మోట ఎద్దు వేరు కదా.

వర్ధన్నపేట నుంచి ఒక పెద్ద మేస్త్రి వచ్చాడు. అరవై దాటిన మనిషి, ఇలాంటివి చిన్నప్పటి నుంచి విప్పినవాడు. పలక చూసి తలూపి, చక్రం పట్టుకుని తిప్పబోయాడు. కదల్లేదు. అన్న నా వైపు చూశాడు. మేస్త్రి మాత్రం పొగగొట్టం దగ్గర ఆగిపోయాడు. దాని మూతికి గోనెసంచి ముక్క, పైన ప్లాస్టిక్ కవరు, మోకుతో ఏడెనిమిది చుట్లు బిగించి ఉంది. "ఇది ఎవలు కట్టిండ్రు?" అని అడిగాడు. మాకు తెలియదు. కింద నీళ్ల బిరడా విప్పి చూశాడు. సిలిండర్ చుట్టూ చల్లదనానికి నీళ్లు తిరిగే చోటు పొడిగా ఉంది. "నీళ్లన్నీ ఒడిసి పెట్టిండు. ఎరికున్న మనిషే" అన్నాడు.

అమ్మ లేచి లోపలికి పోయి, ఇనుప సందుగలోంచి ఒక పొడుగు పుస్తకం తెచ్చింది. నాయిన చిట్టా. ఆయన చదివింది నాలుగో తరగతి. విత్తనాలు, ఎరువులు, కూలీ లెక్కల మధ్య ఇంజిను పేజీలు వేరే ఉన్నాయి. అన్నీ నిలువు గీతలు. పద్నాలుగు గీతలు, కింద ఒక అడ్డగీత, పక్కన "నూనె మార్సిన" అని. మళ్లీ పద్నాలుగు.

మాకు అర్థం కాలేదు. మేస్త్రి నవ్వి చెప్పాడు. ఈ ఇంజిన్లకు గంటలు చూపించే మీటరు ఉండదు. 5 హెచ్‌పీ ఇంజిను నిండు పనిలో గంటకు లీటరు పైచిలుకు డీజిల్ తాగుతుంది. 20 లీటర్ల డబ్బా 18 గంటలొస్తుంది. పద్నాలుగు డబ్బాలంటే దాదాపు 250 గంటలు. నాయిన ఒక్కో డబ్బాకు ఒక్కో గీత గీసి, 250 గంటలకోసారి ఇంజినాయిల్ మార్చాడు. ఎవరు నేర్పారో గానీ ఒక్కసారి కూడా తప్పలేదు. అడ్డగీతల మధ్య "గాలి డబ్బ కడిగిన", "నాజిల్ సూపిచ్చిన" అని కూడా ఉంది.

చివరి పేజీలో గీతలు తొమ్మిదే. కింద ఇలా రాసి ఉంది: "98 మార్చి. బోరు ఏసినం. నీళ్లు ఒడ్సిన. లోపట నూనె పోసిన. సంచి కట్టిన."

అమ్మ పేజీ మీద వేలు పెట్టి చూసింది. నాయిన 2011లో పోయాడు. ఆయన ఇంజినుకు చేసిన ఆఖరు పని ఇదని మాకు ఆ రోజు దాకా తెలియదు.

బోరు ఎందుకు వచ్చిందో కూడా చెప్పాలి, లేకపోతే ఇంజిను ఎందుకు పడిపోయిందో అర్థం కాదు. కరెంటు చవక కాబట్టి ఇంజిన్లు పోయాయని నేననుకునేదాన్ని. అది సగమే నిజం. ఇంజినుకు బిగించే పంపు నీళ్లను పైకి పీల్చుకుంటుంది. పీల్చడమంటే నిజానికి బయటి గాలి బరువు నీళ్లను గొట్టంలోకి నెట్టడమే. గాలి బరువు నీళ్లను లెక్క ప్రకారం 10 మీటర్ల ఎత్తు దాకానే నెట్టగలదు. మన పంపులకు 7 మీటర్లు దాటితే కష్టం, అంటే 23 అడుగులు. ఇంజిను ఎన్ని హెచ్‌పీ అయినా ఈ హద్దు మారదు.

అందుకే బావిలో నీళ్లు దిగినకొద్దీ ఇంజినును కూడా కిందికి దించేవాళ్లు. మా బావిలో 20 అడుగుల లోతున రాతి గట్టు ఉంది. నలుగురు మనుషులు మోకులతో దాన్ని అక్కడికి దించడం నాకు చిన్నప్పటి జ్ఞాపకం. బావిలో పొగ నిండితే మనిషి ఊపిరాడక చనిపోతాడు. అందుకని నాయిన పొగగొట్టానికి పొడుగు పైపు వేసి పైదాకా తెచ్చాడు. ఇంజిను నడుస్తుంటే మమ్మల్ని బావి మెట్లు దిగనిచ్చేవాడు కాదు.

1980ల చివర్లో మా బావికి కరెంటు వచ్చింది. అయితే రాత్రిపూట వచ్చి పోయే కరెంటు. పాములకు, తేళ్లకు భయపడుతూ టార్చిలైటుతో మోటార్ పెట్టడానికి పోవాలి. అందుకని ఇంజిను పక్కనే సిద్ధంగా ఉండేది. తర్వాత నీళ్లే ఇంకా కిందికి పోయాయి. బావి అడుగు కనబడింది. 1997-98లో మన వరంగల్ జిల్లా పత్తి రైతుల కష్టం దేశమంతా తెలిసింది. పురుగు పంటను తినేసింది, అప్పులు మనుషుల్ని తిన్నాయి. ఆ రోజుల్లోనే నాయిన అప్పు చేసి బోరు వేయించాడు. రెండు వందల అడుగుల లోతు నీళ్లను పీల్చే పంపు లేదు, నీళ్లలోనే మునిగి పైకి నెట్టే సబ్‌మెర్సిబుల్ కావాలి. దానికి కరెంటే కావాలి. ఇంజిను కొట్టంలోకి చేరింది. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు, 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటల కరెంటు వచ్చాక ఇక దాని మాట ఎత్తినవాళ్లు లేరు.

మేస్త్రి పని రెండు రోజులు పట్టింది. పైన హెడ్ విప్పి సిలిండర్ కొలిచాడు, 80 మిల్లీమీటర్లు. పలక అబద్ధం చెప్పలేదు. పిస్టన్ మీద కిరసనాయిల్, నూనె కలిపి పోసి రాత్రంతా వదిలేశాడు. తెల్లారి చక్రం కొంచెం కదిలింది, తర్వాత పూర్తిగా తిరిగింది. పాత ఇంజినాయిల్ తారులా ఉంటే తీసేసి లోపల డీజిల్‌తో కడిగాడు. గాలి డబ్బాలో కుమ్మరి పురుగు మట్టిగూడు కట్టింది. నాజిల్ బిగుసుకుపోయింది, కొత్తది పడింది. ఈసారి గాస్కెట్లు మోడల్ పేరు చెప్పి వరంగల్ నుంచి తెచ్చారు, చక్కగా సరిపోయాయి. అన్నీ కలిపి అయిన ఖర్చు పాత ఇనుము ధర కంటే ఎక్కువే. తలా కొంత వేసుకున్నాం. నా వంతు చిట్టీ డబ్బుల్లోంచి ఇచ్చాను.

ఇంజినును కొట్టం బయటికి తెచ్చారు. డీజిల్ గొట్టంలోని గాలి బుడగలన్నీ పోయేదాకా వదిలారు. బుడగ ఉంటే నాజిల్ చిమ్మదు. పైనున్న చిన్న పిడి ఎత్తితే సిలిండర్‌లో ఒత్తిడి ఉండదు, చక్రం తేలికగా తిరుగుతుంది. ఊపు వచ్చాక పిడి వదిలేయాలి. హ్యాండిల్ పట్టేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉండాలని మేస్త్రి అన్నకు రెండుసార్లు చెప్పాడు. ఇంజిను వెనక్కి తంతే చుట్టిన బొటనవేలు విరుగుతుంది.

మొదటిసారి అందుకోలేదు. రెండోసారీ అందుకోలేదు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయిదోసారి ఒక దగ్గు దగ్గి, తెల్లటి పొగ వదిలి, అందుకుంది. కాసేపటికి పొగ పలచబడింది. తెల్ల పొగ ఇంజిను ఇంకా వేడెక్కలేదని, నల్ల పొగ గాలి చాలక నూనె ఎక్కువైందని, నీలం పొగ అయితే ఇంజినాయిలే కాలుతోందని మేస్త్రి చెబుతున్నాడు గానీ, ఎవరూ వినడం లేదు. టర్రుమని ఒక్క తీరుగా, లెక్కపెట్టడానికి వీల్లేకుండా నడుస్తోంది. అన్న ఏడ్చాడు. అమ్మ మాత్రం ఏడవలేదు. ఎండుగడ్డి పక్కకు జరపమంది, నిప్పు రవ్వ పడుతుందని.

అక్కడ ఒహాయోలో తమ్ముడి బండి కూడా మే నెలలో నడిచింది. జబ్బు రెండు చోట్ల ఉందట. చలికాలమంతా ట్యాంకులో వదిలేసిన పెట్రోలు జిగురై కార్బురేటర్‌లో అడ్డం పడింది. ఇంజిన్ రేకు కింద ఎలుక గూడు పెట్టి గాలి పోకుండా చేసింది. ప్లగ్ వైరు తీశాకే కత్తుల దగ్గర చెయ్యి పెట్టమని వాడికి అక్కడివాళ్లు మరీ మరీ చెప్పారు. 50 గంటలకోసారి, లేదంటే ఏడాదికోసారి నూనె మార్చాలట. వాడు ఇప్పుడు గ్యారేజీ గోడ మీద సుద్దతో గీతలు గీస్తున్నాడు. నాయిన చిట్టా ఫొటో పంపించాను కదా.

ఆ ఏడాది ఆగస్టు చివర, సెప్టెంబర్ మొదట్లో మన వైపు, మహబూబాబాద్, ఖమ్మం వైపు కురిసిన వాన మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. మా ఊళ్లో కరెంటు స్తంభాలు ఒరిగాయి. అన్న మిర్చి నారుమడిలో నీళ్లు నిలిచాయి. నారు ఒక్క రోజు మునిగితే కుళ్లిపోతుంది. ఇంజినును ట్రాక్టర్ ట్రాలీ మీద ఎక్కించి మడి గట్టుకు తెచ్చారు. నీళ్లు పైపైనే ఉన్నాయి, 23 అడుగుల హద్దుతో పని లేదు. ఒక రాత్రి, ఒక పగలు తోడింది. మొత్తం నారు దక్కలేదు, సగానికి పైగా దక్కింది. అన్న ఫోన్ చేసి ఆ విషయం చెప్పలేదు. "డబ్బన్నర తాగింది చెల్లే, చిట్టాల రాయాల్నా?" అని మాత్రం అడిగాడు.

రాశాడు. నాయిన వదిలేసిన తొమ్మిది గీతల తర్వాత కాదు, కొత్త నూనె పోశాం కాబట్టి కొత్త వరసలో. ఆ పేజీలో రాత మారిపోవడం చూస్తే నాకు కాసేపు మాట రాలేదు.

మీ ఇళ్లల్లోనూ ఏదో ఒక ఇంజినో, మోటారో, కుట్టు మిషనో మూలన పడి ఉంటుంది. అమ్మాలా ఉంచాలా అన్నది తర్వాత చూద్దురు గానీ, ముందు దాని పలక వెతకండి. చాకుతో గీకకండి. కిరసనాయిల్ గుడ్డ, చిటికెడు ముగ్గుపిండి చాలు. కనబడిన ప్రతి అక్షరం, అంకె ఒక పుస్తకంలో రాసుకోండి. దాని పక్కనే, అది ఏ ఏడు కొన్నారో, ఎవరి నగ కుదువ పెట్టి కొన్నారో కూడా రాయండి. మా ఇంజిను పలక మీద కంపెనీవాళ్లు అది రాయలేదు. అందుకని చిట్టా మొదటి పేజీలో నేను రాశాను, అమ్మ పేరుతో సహా.